నీరు వెతికినందుకు పదిహేను వందలు

“నీరు ఎక్కణ్ణించి వస్తందో ఎతకడానికి పదిహేను వందలమ్మా. దొరికినా ఇవ్వాల, దొరక్కపోయినా ఇవ్వాల. తరవాత పని నాకే ఇవ్వాలని మాత్రం నేదు.”

మేస్త్రి గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విప్పకముందే అన్న మాట ఇది. మావారికి చిర్రెత్తింది. ఊళ్లో అందరూ ఉచితంగా చూసి వెళుతుంటే, చూడ్డానికే డబ్బులడిగే ఈయనెవరని. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. కానీ ఉచితంగా చూసి వెళ్లినవాళ్లకి అప్పటికే 63,250 రూపాయలు సమర్పించుకుని రెండేళ్లయింది. పడగ్గది గోడ ఇంకా తడుస్తూనే ఉంది. లోపల్నుంచి అత్తగారు “ఇచ్చెయ్యండర్రా, వెతకనీండి” అన్నారు. ఇచ్చాం.

ఉచితంగా చూసినవాళ్ల గురించీ, ఈ పదిహేను వందల మేస్త్రి గురించీ రెండూ రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఉచితంగా చూసిన వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ పేరు రాయకపోవడానికి కారణం గొడవలు పడే ఓపిక లేకపోవడం. మేస్త్రి పేరు రాయొద్దని ఆయనే అన్నాడు.

మాది విశాఖ పెద వాల్తేరులో 1998లో కట్టిన అపార్ట్‌మెంటు. మూడో అంతస్తు మాది, ఆపైన డాబాయే. పొద్దున్నే లేచి నడిస్తే సముద్రం. కొన్నప్పుడు దాన్నే గొప్పగా చెప్పుకున్నాం. తర్వాత తెలిసింది ఉప్పుగాలి సంగతి. కిటికీ ఊచలు, గేటు బందులు, వాషింగ్ మెషీన్ కాళ్లు, బట్టలారేసుకునే తీగ, ఇనుమన్నది ఏదీ మా ఇంట్లో ఎక్కువ కాలం ఆగదు. స్లాబులో ఉన్నదీ ఇనుమేనన్న సంగతి మాత్రం మాకెవరికీ తట్టలేదు.

మచ్చ మొదట కనిపించింది గులాబ్ తుపాను వానకి. 2021 సెప్టెంబరు 26 రాత్రంతా కురిసింది కదా, మర్నాడు పొద్దున పడమటి వైపు పడగ్గది మూలలో, కప్పూ గోడా కలిసే చోట, అరచేయంత తడి. వానకి వచ్చింది, వానతో పోతుందనుకున్నాం. పోలేదు. మరుసటి ఏడాదికి లప్పం ఉబ్బి, వేలితో తాకితే పిండిలా రాలడం మొదలైంది. గోడ మీద తెల్లగా ఉప్పు పూసేది. తుడిస్తే పోయేది, వారానికి మళ్లీ పూసేది. ఆ గోడకి ఆనించిన బీరువా చెక్కపొడి అతికించి చేసిన రకం. వెనకపలక నీళ్లు పీల్చి రొట్టెలా పొంగింది. లోపల అడుగు అరలో మా పెళ్లి ఆల్బమ్ ఉండేది. ఫోటోలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. లాగితే నా మొహం మా ఆడపడుచు మొహం మీదకి వచ్చేసింది. దాని గురించి ఇక రాయను.

వచ్చినవాళ్లందరూ తలో సలహా ఇచ్చారు. కింది ఫ్లాట్ ఆయన ఫాల్స్ సీలింగ్ వేసేయమన్నారు. “కనపడకపోతే టెన్షనే ఉండదండీ” అని. పంటికి పుచ్చొస్తే నోరు మూసుకోమన్నట్టుంది. పెయింటరు తడి ఆపే పెయింటు రెండు కోటింగులు వేస్తే చాలన్నాడు. వేయించాం. మూడు నెలలకి ఆ పెయింటు లోపల నీళ్లు చేరి, దోసె మీద బుడగల్లా లేచింది. నీరు వచ్చే వైపు వదిలేసి, బయటికి కనిపించే వైపు మూస్తే అంతే. అది ఇంకో పక్కనుంచి దారి చూసుకుంటుంది.

2023 ఏప్రిల్‌లో కంపెనీ వాళ్లని పిలిచాం. ఫోన్ చేసిన గంటకే వచ్చారు. మెడలో ట్యాగులు, చేతిలో ట్యాబ్, గోడకి ఆనిస్తే కూతపెట్టే తేమ మీటరు. మీటరు కూసింది. తడిగా ఉందని మాకు ముందే తెలుసు కాబట్టి ఆశ్చర్యపోలేదు. డాబా మీదకి వెళ్లి పది నిమిషాలు ఫోటోలు తీశారు. కిందికి వచ్చి ట్యాబ్‌లో రంగురంగుల బొమ్మలు చూపించి, మా ఫ్లాట్ మీద మేర 1,150 చదరపు అడుగులు, అడుగుకి 55 రూపాయల చొప్పున లెక్క కట్టారు. ఐదేళ్ల గ్యారంటీ. “వాన నీళ్లు దిగుతున్నాయి మేడమ్, టెర్రస్ మొత్తం కోటింగ్ వేస్తే సాల్వ్.” వాన లేని నెలల్లో కూడా తడి ఉంటోందని నేనన్నాను. “లోపల ఇంకిన నీళ్లు మేడమ్, ఆరడానికి టైమ్ పడుతుంది” అన్నారు. బాగానే ఉంది కదా అనిపించింది. ట్యూషన్‌లో పిల్లలకి రోజూ “ఎందుకు?” అని అడగమని చెప్పే లెక్కల టీచరుని నేను. ఆ రోజు నేనే అడగలేదు.

రెండ్రోజుల్లో తెల్లగా పూసి వెళ్లిపోయారు. డాబా పెళ్లిపందిరిలా మెరిసింది. వానాకాలం రాగానే పొరలు పొరలుగా లేచింది. పాత నాచు, దుమ్ము సరిగ్గా గీకకుండా పైన పూశారని తర్వాత మేస్త్రి చూపించాడు. తడి పలక మీద సుద్దముక్కతో రాసినట్టు. గ్యారంటీ కాగితం తీసి చూస్తే, వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: పైపుల లీకేజీకి, గోడ పగుళ్లకి వర్తించదు. ఇక మిగిలిందేమిటో వాళ్లే చెప్పాలి. ఫోన్ చేస్తే “టికెట్ రైజ్ అయింది మేడమ్” అనేవారు. పదకొండు టికెట్లు రైజయ్యాయి.

మా అత్తగారికి 79 ఏళ్లు. ఆ గది ఆవిడదే. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, ఎవరింట్లో ఏ పురుడు, ఏ పెళ్లి, అన్నీ గోడ క్యాలెండర్ మీద రాసుకునే మనిషి. మచ్చ పైనుంచి దిగి దిగి ఆవిడ కంటి ఎత్తుకి వచ్చేసరికి దాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. మచ్చ అడుగు అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన పండగ పేరు రాసేవారు. భోగి. దాని కింద రెండంగుళాల్లో రథసప్తమి. ఇంకాస్త కింద శివరాత్రి. ఆ కింద ఉగాది. గోడంతా పాడుచేస్తున్నారని నేను రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

2025 ఏప్రిల్‌లో మేస్త్రి వచ్చాక ముందు చూసింది ఆ గీతల్నే. ఈయన ఇసుకతోట దగ్గర ఒక హార్డ్‌వేర్ షాపువాళ్లు చెప్పిన మనిషి. చీపురుపల్లి వైపు వాడు. యాభై దాటి ఉంటాయి. చేతిలో ఒక చిన్న సుత్తి, జేబులో సెల్లోటేపు, చంకలో ఓ పాలిథీన్ కవర్ల కట్ట. మీటర్లేవీ లేవు.

“ఈ గీతలు ఎవరు గీసినారు?”

“నేనే నాయనా” అన్నారు అత్తగారు.

“భోగికి, ఉగాదికి నడుమ ఇక్కడ వాన పడిందా మామ్మగారూ?”

“ఎక్కడిదీ! మంచు తప్ప చుక్క లేదు.”

మేస్త్రి మావారి వైపు తిరిగాడు. “ఇంకేటి బాబూ. వాన నేకుండా మచ్చ జానెడు దిగింది. ఇది వాననీరు కాదు. ఉంటే వాననీరు కూడా ఉండొచ్చు గానీ, అదొక్కటే కాదు.”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. జవాబు గోడ మీద రాసిపెట్టి ఉంది, పండగ పేర్లతో సహా. ట్యాబ్ పట్టుకొచ్చినవాళ్లు చూడలేదు, సరే. నాలుగు నెలలు రోజూ చూస్తూ నేను చూడలేదు.

ఇక ఆ పదిహేను వందలకి ఆయన ఏం చేశాడో వివరంగా రాస్తాను, ఎవరింట్లోనైనా పనికొస్తుంది.

ముందు సుత్తి పిడితో కప్పంతా తట్టుకుంటూ వెళ్లాడు. గట్టిగా ఉన్న చోట ‘టక్’మంటుంది, లోపల విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల ఉన్న మేరకి సుద్దతో గుండ్రం చుట్టాడు. మూడడుగులకి నాలుగడుగులు వచ్చింది. కప్పు మీద కంటికి కనిపించే మచ్చ కంటే అది పెద్దది. తర్వాత స్విచ్‌బోర్డు దగ్గర ఆగి, “ఇది ముట్టుకుంటే జిల్లుమంటదా?” అన్నాడు. అంటుంది, వానాకాలంలో చెప్పులేసుకుని ముట్టుకుంటాం అన్నాను. ఆయన మొహం మారిపోయింది. “ముందు ఆ లైను ఆపించండమ్మా, మిగతాది తరవాత” అని, మెయిన్ దగ్గర ఆ గది లైను తనే కట్టేసి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వెయ్యొద్దన్నాడు. మాకు ఓవర్‌లోడ్‌కి పడే ఎంసీబీలే ఉన్నాయి, కరెంటు గోడలోకో మనిషిలోకో కారితే పట్టుకునే ఆర్‌సీసీబీ లేదు. తర్వాత 30 మిల్లీయాంపులది పెట్టించాం. చెమ్మ ఉన్న గోడలో బోర్డు ఉన్నవాళ్లు ఇక్కడ చదవడం ఆపి, ముందు అది చూసుకోండి.

తర్వాత పాలిథీన్ పని. కవర్లని జానెడు చదరపు ముక్కలుగా కోసి, ఒకటి మచ్చ మీద, ఒకటి మచ్చకి బారెడు దూరంలో పొడిగోడ మీద, నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించాడు. మర్నాడు వచ్చి చూశాడు. మచ్చ మీది ముక్కకి గోడవైపు నీటిబొట్లు పట్టాయి. అంటే నీరు గోడలోంచే వస్తోంది. రెండోదానికి లేవు. బొట్లు గది వైపు పడితే అది గాలిలో ఉక్క వల్ల అన్నమాట. మన విశాఖ గాలికి వానాకాలంలో పింగాణీ పలకలు కూడా చెమరుస్తాయి. అది వేరు జబ్బు, దానికి కిటికీ తెరిస్తే చాలు.

రెండో రాత్రి అసలు పరీక్ష. మా పడగ్గది మీదుగా డాబా నేల లోపల ఒక జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపు, పోతుంది. ట్యాంకు నుంచి మా వరస మూడు ఫ్లాట్ల వంటిళ్లకీ నీళ్లు దిగేది దాంట్లోంచే. అదొకటి అక్కడుందని కూడా మాకు తెలియదు, కట్టినప్పుడే ఇటుకముక్కల కాంక్రీటు కింద కప్పేశారు. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు దాకా ఎవరూ వంటింటి కొళాయి తిప్పొద్దని మూడిళ్లకీ చెప్పించి, ట్యాంకు లోపల నీటిమట్టానికి గుర్తు పెట్టాడు. ఐదింటికి చూస్తే ఒకటిన్నర సెంటీమీటర్లు తగ్గింది. ఒక్క చుక్క ఎవరూ వాడలేదు.

ట్యాంకు అడ్డం 110 సెంటీమీటర్లు. మర్నాడు సాయంత్రం పదో తరగతి పిల్లలకి అదే లెక్క ఇచ్చాను. స్తూపం ఘనపరిమాణం, ఆరు గంటలకి 14 లీటర్లు, రోజుకి ఎంత? ఒక పిల్లాడు 57 అని చెప్పి, “ఎవరింట్లో టీచర్?” అన్నాడు. రోజుకి 57 లీటర్లు నా నెత్తి మీద ఇటుకముక్కలు తాగుతున్నాయి. కొంత తూముల్లోంచి బయటికి పోతోంది, మిగతాది అత్తగారి గదిలోకి. దాని మీద 63,250 పెట్టి గొడుగు పట్టించాం మేం.

ఆ లైనుకి వాల్వు కట్టేసి, పక్క వరసలోంచి పచ్చ గొట్టం లాగి మూడు వంటిళ్లకీ నీళ్లిచ్చాడు. నాలుగు రోజులు ఆగాం. అత్తగారు రోజూ పొద్దున పెన్సిల్ పట్టుకుని గోడ దగ్గర తయారు. గీత దిగలేదు. నాలుగో రోజు అంచు దగ్గర రంగు తేలింది. ఆవిడ అంత సంతోషంగా కాఫీ తాగడం ఈమధ్య నేను చూడలేదు.

నేనైతే అక్కడితో కేసు మూసేసేదాన్ని. ఆయన మూయలేదు. “గులాబుకి మొదట వచ్చిందన్నారు గదా. ఆ దారి కూడా సూడాల.” తూములకి గోనెసంచులు కుక్కి, డాబా మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టాడు. అంతకంటే ఎక్కువ నిలబెట్టకూడదట. రెండంగుళాలకే చదరపు మీటరుకి 50 కిలోల బరువు, పాత స్లాబు. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు సాయంత్రం పడమటి మూలలో, సరిగ్గా గులాబ్ నాటి అరచేతి మచ్చ ఉన్న చోట, తడి మెరిసింది. పైకెళ్లి పిట్టగోడ మొదట్లో వేలు పెట్టి చూపించాడు. గోడా నేలా కలిసే చోట పొడుగ్గా నెర్రె. కంపెనీ వాళ్ల తెల్లపూత దాని మీదుగా వెళ్లి, నెర్రె దగ్గర తనూ చీలింది.

“ఈ గోడకి ఎప్పుడైనా ఏదైనా గుద్దుకుందా?”

మావారూ నేనూ మొహాలు చూసుకున్నాం. హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకి 180 కిలోమీటర్ల పైన వీచిన గాలి. కరెంటు పోయి నీళ్లెక్కక ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ ట్యాంకు దిమ్మ మీంచి లేచి, ఈ పిట్టగోడకే గుద్దుకుని, అవతలి సందులో పడింది. పడేటప్పుడు కింద పైపుని మెలితిప్పి మరీ పోయింది. కొత్త ట్యాంకు పెట్టినప్పుడు ప్లంబరు పాత పైపుకే అతుకు వేసి నీళ్లిచ్చాడు. ఊరంతా నీళ్లకి కటకటలాడుతున్న రోజులు, నీళ్లొస్తే చాలనుకున్నాం. గోడ నెర్రె, పైపు అతుకు, రెండూ ఆ ఒక్క దెబ్బే అయి ఉంటాయని మేస్త్రి లెక్క. పదేళ్లు మెల్లగా తిన్నాయి.

పని గురించి. పాత జీఐ పైపుని తవ్వి తీయలేదు, రెండు కొసలా మూసేసి వదిలేశాడు. కొత్త పైపు డాబా నేల మీద చిన్న సిమెంటు దిమ్మలు పోసి, వాటి మీదుగా వేశాడు. ఎండకి పెళుసెక్కకుండా దానికి పెయింటు. చూడ్డానికి అందంగా లేదని మావారు అన్నారు. “కనపడే పైపు ఏడిస్తే మనకి తెలుస్తాది బాబూ” అన్నాడు.

పిట్టగోడ నెర్రెని ఉలితో వెడల్పు చేసి, దుమ్ము ఊది, పాలలాంటి తెల్లటి లేటెక్స్ కలిపిన సిమెంటు మాలుతో నింపాడు. గోడా నేలా కలిసే మూల పొడవునా నీరు నిలవకుండా గుండ్రంగా వంపు తిప్పి, దాని మీద ఫైబర్ గుడ్డ పరిచి, రెండు కోటింగులు వేశాడు. మొదటిది అడ్డంగా, ఆరాక రెండోది నిలువుగా. పూతకి వాడిన రకం కంపెనీ వాళ్లు వాడినలాంటిదే. సరుకుది తప్పు కాదన్నమాట. లేచిపోయిన పాత పూతని అంతకుముందు ఇద్దరు మనుషులు ఒకటిన్నర రోజు గీకారు.

గది లోపల కప్పు పని చూసినప్పుడు మాత్రం భయమేసింది. డొల్ల మేరా కొట్టగానే పెచ్చులు పెచ్చులుగా ఊడి పడింది. లోపల చువ్వలు చెరకు పిప్పిలా ఉన్నాయి. ఇనుము తుప్పు పడితే ఉన్న చోటు కంటే ఎన్నో రెట్లు జాగా కావాలి దానికి, అందుకే కాంక్రీటుని లోపల్నుంచి తోసేస్తుంది. నీరు, గాలిలో ఉప్పు, రెండూ కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. మంచం సరిగ్గా దాని కిందే ఉండేది. చువ్వ వెనక వేలు పట్టేంత లోతు కాంక్రీటు కొట్టించి, తీగల బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా రుద్దించాడు. రెండు చువ్వలు పావు వంతుకి పైగా తినేసి ఉంటే పక్కన కొత్త చువ్వ కట్టాడు. తుప్పు పట్టని పూత, దాని మీద లేటెక్స్ సిమెంటు పూత, అది ఆరకముందే మాలు. ఒకేసారి దిట్టంగా పట్టించలేదు. పలచటి పొరలు, ఒకదాని మీద ఒకటి. కప్పుకి నీళ్లు నిలబెట్టలేం కదా, మొక్కలకి కొట్టే స్ప్రేయరుతో రోజుకి నాలుగుసార్లు, ఏడు రోజులు తడపమన్నాడు. ఆ డ్యూటీ అత్తగారు అడిగి మరీ తీసుకున్నారు. మెడ పడుతుందంటే వినలేదు. చివరికి మా ట్యూషన్ పిల్లలు వంతులేసుకున్నారు.

గోడకి ప్లాస్టరింగ్ మచ్చ ఉన్న మేరంతా కొట్టేసి కొత్తది చేశాడు. ఉప్పు పట్టిన పాత పూత మీద ఏం వేసినా నిలవదట. రంగుకి మాత్రం నెల రోజులు ఆగమన్నాడు. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. పెయింటరు నాలుగో రోజు నుంచే ఫోన్లు. ఆగాం. మళ్లీ పాలిథీన్ ముక్క అంటించి, గోడవైపు బొట్లు రాలేదని చూసుకున్నాకే లప్పం పెట్టించాం.

ఖర్చు: పైపు పని 18,400. పిట్టగోడ, మూలలు, పూత 14,000. కప్పు, గోడ 21,500. వెతికినందుకు 1,500. మొత్తం 55,400. రంగుకి, కరెంటు పనికి వేరే. బీరువా లెక్కలోకి రాదు, అది చెత్తబండిలో వెళ్లిపోయింది.

ఇందులో పైపు డబ్బులు ఎవరివి అన్న దాని మీద అపార్ట్‌మెంటు మీటింగు మూడుసార్లు జరిగింది. డాబా అందరిదీ అని నేను, నష్టం మీ ఫ్లాట్‌దే కదా అని వాళ్లు. ఫాల్స్ సీలింగ్ సలహా ఇచ్చినాయన మరీ గట్టిగా మాట్లాడారు. కొత్త పైపు వేశాక, ఆయన వంటింట్లో పన్నెండేళ్లుగా సన్నగా కారే కొళాయి ఒక్కసారిగా పెళ్లున వచ్చి, వాళ్లావిడ చీరంతా తడిపేసింది. పాత పైపు లోపలంతా తుప్పు కట్టి సన్నబడిపోయి ఉండేది కదా. ఆ ఆదివారమే ఆవిడ వచ్చి తమ వాటా ఇచ్చి వెళ్లారు. మిగతావాళ్లూ ఇచ్చారు. వాదనతో కానిది కొళాయితో అయింది.

మేస్త్రి దేవుడేం కాదు. వస్తానన్న రోజు రాడు. పెళ్లిళ్ల సీజన్‌లో వారం రోజులు ఊరెళ్లిపోయాడు, ఫోన్ స్విచాఫ్, కప్పు సగం కొట్టేసి ఉంది. ఆ వారమంతా మేం ఐదుగురం ఒక గదిలో పడుకున్నాం. దుమ్ముకి పరదాలు కట్టమంటే కట్టారు గానీ, వంటింటి పోపులడబ్బాలో కూడా సిమెంటు దొరికింది. పెచ్చులు ఎవరు కిందికి మోయాలన్నది ముందు మాట్లాడుకోండి. మేం మాట్లాడుకోలేదు, ఇంకో 2,400 అయింది. బిల్లు అడిగితే మా ట్యూషన్ నోటుపుస్తకంలో చివరి పేజీ చింపి రాసిచ్చాడు. గ్యారంటీ ఎన్నేళ్లంటే, “నేను బతికున్నన్నాళ్లు పిలండి” అన్నాడు. కాగితం మీద దానికి విలువ లేదు, తెలుసు.

అయినా ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది స్విచాఫ్‌కి. కంపెనీకి ఒకటి, అది కూడా ఫోన్ చేసిన గంటకి వచ్చినందుకు.

నంబరు రాయొద్దన్నాడు. ఉన్న పనే తెమలడం లేదట. పైగా నంబరు చూసి ఫోన్ చేసేవాళ్లందరూ “అడుగుకి ఎంత?” అనే మొదలుపెడతారట. ఎక్కడ తడిసింది, ఎప్పట్నుంచి అని చెప్పేవాళ్లయితే హార్డ్‌వేర్ షాపు ద్వారా రమ్మన్నాడు.

వానాకాలం మొత్తం గడిచింది. పడమటి మూల పొడిగా ఉంది. రంగు వేసేటప్పుడు అత్తగారి గీతలు ఎలాగూ కొత్త ప్లాస్టరింగ్‌తో పోయాయి, అన్నిటికంటే కిందున్న ఉగాది గీత ఒక్కటి మాత్రం పాత గోడ మేరలో మిగిలింది. దాని మీద బ్రష్ పెట్టబోతుంటే పెయింటర్ని ఆవిడ ఆపేశారు. క్రీమ్ రంగు గోడ మీద అరచేయంత చోటు పాత రంగుతో అలాగే ఉంది, మధ్యలో పెన్సిల్ గీత. వచ్చినవాళ్లు పెయింటరు మర్చిపోయాడనుకుంటున్నారు.